దుర్గాబాయి రాజకీయ ప్రయాణం: రాజ్యాంగ సభ దాకా నడిపించిన దారి ఎన్నికల దగ్గర ఎందుకు ఆగింది?

మహిళా రిజర్వేషన్ మాట వచ్చిన ప్రతిసారీ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినిపిస్తుంది. ఒకరు ఆమెను రాజ్యాంగం రాసిన తెలుగు ఆడపడుచు అంటారు. మరొకరు ఆంధ్ర మహిళా సభ పెట్టిన సంఘసేవకురాలు అంటారు. హైదరాబాద్‌లో చాలామందికి ఆమె పేరు విద్యానగర్‌లోని ఆసుపత్రి బోర్డు మీద మాత్రమే తెలుసు. ఇవన్నీ నిజాలే. వీటి మధ్య ఉన్న ముడి మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. రాజ్యాంగ సభలో అంత చురుగ్గా పనిచేసిన మనిషి, ఆ రాజ్యాంగం కింద జరిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నికల్లోనే ఓడిపోయారు. ఆ తర్వాత ఆమెను రాజకీయ నాయకురాలిగా చూడటం దాదాపు మానేశారు.

క్లుప్తంగా చెప్పాలంటే, స్వాతంత్ర్యోద్యమం ఆడవాళ్లకు రాజకీయాల్లోకి ఒక దారి తెరిచింది. అది ఓటు దారి కాదు, సంస్థ దారి. వాలంటీరుగా పని, ఉద్యమ నాయకత్వం, జైలు, చదువు, పార్టీ ఎంపిక అనే మెట్ల మీదుగా దుర్గాబాయి రాజ్యాంగ సభకు చేరారు. 1952లో నియోజకవర్గం, టికెట్, స్థానిక బలం అనే కొత్త మెట్లు వచ్చాయి. ఆంధ్రలో కాంగ్రెస్‌కు అప్పుడు ఎదురుగాలి వీస్తోంది. ఓటమి తర్వాత ఆమె పని ప్రణాళికా సంఘానికి, సంక్షేమ మండలికి మళ్లింది. అధికారం చేతిలోనే ఉంది కానీ ఆ పనికి రాజకీయం అన్న పేరు పోయింది.

గోదావరి జిల్లాల నేపథ్యం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఎనిమిదేళ్ల వయసులో ఒక జమీందారీ కుటుంబంలోకి పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. ఆడపిల్ల పెళ్లికి పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో గానీ రాలేదు. వింత ఏమిటంటే, వయసు వచ్చాక ఆమె ఆ కాపురానికి వెళ్లనని చెప్పగలగడం, తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలబడటం. ఇరువైపులా మాట్లాడుకుని ఆ బంధం నుంచి బయటికి వచ్చారు. తర్వాత జరిగిన వాటన్నిటికీ ఈ ఒక్క నిర్ణయం పునాది. అత్తవారింటి గడప దాటని పరిస్థితే వచ్చి ఉంటే, ఉద్యమం ఎన్ని తలుపులు తెరిచినా ఉపయోగం ఉండేది కాదు.

ఆ కుటుంబానికి అంత ధైర్యం ఎక్కడిది? పూర్తి జవాబు చరిత్రలో దొరకదు కానీ, పరిసరాలు కొంత చెబుతాయి. కందుకూరి వీరేశలింగం 1881లో మొదటి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోనే. బాల్య వివాహాల మీద వాదోపవాదాలు ఆ ఊళ్లో రెండు తరాలుగా ఇళ్లలోకి వచ్చేశాయి. అందరూ మారిపోయారని కాదు, అయితే మారాలనుకున్న కుటుంబానికి చుట్టుపక్కల ఆదర్శాలు కనిపించేవి. అదే జిల్లాలో బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న దువ్వూరి సుబ్బమ్మ ఊరూరా తిరిగి సహాయ నిరాకరణ గురించి ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకు వెళ్లారు. ఆడది వేదిక ఎక్కి మాట్లాడటం ఏమిటన్న ప్రశ్నకు దుర్గాబాయి కంటే ముందే గోదావరి జిల్లాల్లో ఒక జవాబు ఉంది.

హిందీ బడి రాజకీయం ఎలా అయింది

పన్నెండేళ్లప్పుడు దుర్గాబాయి ఇంగ్లీషు మీడియం వద్దని బడి మానేశారు. అది సహాయ నిరాకరణ కాలం. ప్రభుత్వ బడులు, కోర్టులు, బిరుదులు వదిలేయమని కాంగ్రెస్ పిలుపునిచ్చింది. బడి మానేసిన వాళ్లు వేలమంది ఉన్నారు. ఆమె అక్కడితో ఆగలేదు. హిందీ నేర్చుకుని కాకినాడలో ఆడపిల్లల కోసం ఒక హిందీ పాఠశాల తెరిచారు. పెద్దవాళ్లు కూడా వచ్చి చదువుకున్నారు.

పైకి ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. దీని రాజకీయ విలువ 1923 డిసెంబరులో తెలిసింది. ఆ ఏడు అఖిల భారత కాంగ్రెస్ మహాసభ మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చే ప్రతినిధులతో హిందీలో మాట్లాడగల వాలంటీర్లు కావాలి. తెలుగు జిల్లాల్లో, అందులోనూ ఆడవాళ్లలో, అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? దుర్గాబాయి బడి ఆ లోటు తీర్చింది. ఆమెకు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పని పడింది. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదన్న కథ తెలుగు పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది. నిర్వాహకులు టికెట్ కొని తెచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు.

ఈ కథను నిజాయితీ గల పద్నాలుగేళ్ల అమ్మాయి కథగానే చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న ఏర్పాటును గమనిస్తే ఇంకో విషయం తెలుస్తుంది. పార్టీలో పదవి లేని, ఓటు హక్కు లేని, పెళ్లి బంధం నుంచి బయటికి వస్తున్న ఒక అమ్మాయికి జాతీయ నాయకుడిని ఆపగల బాధ్యత అప్పగించిన సంస్థ అప్పుడు దేశంలో ఇంకొకటి లేదు. వాలంటీరు పని కులం, ఆస్తి, వయసు అడగలేదు. చేయగలవా లేదా అని మాత్రం అడిగింది.

అంతకు రెండేళ్ల ముందు, 1921లో, గాంధీ కాకినాడ వచ్చినప్పుడు జరిగింది ఇంకా ముఖ్యమైనది. దేవదాసీ స్త్రీలు, గోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీని కలవాలని దుర్గాబాయి పట్టుబట్టారు. స్థానిక నాయకులు 5,000 రూపాయల నిధి ఇస్తేనే సమయం ఇప్పిస్తామన్నారని, ఆ డబ్బు ఆ స్త్రీలే సమకూర్చారని ఆమె తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆ సభలో గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది ఆమే. గాంధీ కూడా కాకినాడలో ఈ స్త్రీలను కలవడం గురించి ఆ ఏడాదే రాశారు. ఉద్యమంలోకి ఆడవాళ్లు రావాలని అందరూ అన్నారు. ఎవరు ఆడవాళ్లు అన్న ప్రశ్న మాత్రం చాలామంది నాయకులకు తట్టలేదు. గౌరవ కుటుంబాల స్త్రీలు అని వాళ్ల మనసులో ఉంది. పన్నెండేళ్ల పిల్ల ఆ గీత దాటింది. 1948లో రాజ్యాంగ సభలో దేవాలయ ప్రవేశం గురించి ఆమె ప్రతిపాదించిన సవరణకు మూలం ఇక్కడే ఉందనుకోవడానికి ఆస్కారం ఉంది.

'డిక్టేటర్' పద్ధతి తెరిచిన తలుపు

1930 ఉప్పు సత్యాగ్రహం దుర్గాబాయిని నాయకత్వంలోకి తెచ్చింది. ఎలా తెచ్చిందన్నది కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఆ కాలంలో చాలామంది మహిళల విషయంలో ఇదే జరిగింది.

శాసనోల్లంఘన మొదలవగానే ప్రభుత్వం కాంగ్రెస్ కమిటీలను నిషేధించడం, నాయకులను వరసగా అరెస్టు చేయడం మొదలుపెట్టింది. కమిటీ కూర్చుని తీర్మానం చేసే వీలు లేదు. అందుకని కాంగ్రెస్ ఒక ఏర్పాటు చేసుకుంది. ఒక ప్రాంతంలో ఉద్యమాన్ని నడిపే పూర్తి అధికారం ఒక్కరి చేతికి ఇస్తారు. ఆ మనిషిని 'డిక్టేటర్' అనేవారు. ఆ మాటకు తర్వాత వచ్చిన చెడ్డ అర్థం అప్పటికి ఇంకా స్థిరపడలేదు. అరెస్టయ్యే ముందు ఆ డిక్టేటర్ తన తర్వాత ఎవరో చెప్పి వెళ్లాలి. ఆ మనిషి అరెస్టయితే ఇంకొకరు.

ఈ వరస పొడవయ్యే కొద్దీ మొదటి శ్రేణి పురుషులందరూ జైలుకు చేరారు. రెండో శ్రేణి, మూడో శ్రేణి కూడా అయిపోయాక పగ్గాలు ఆడవాళ్ల చేతికి వచ్చాయి. మద్రాసులో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు ఉప్పు సత్యాగ్రహం నడిపారు. వాళ్లు అరెస్టయ్యాక ముందుకు వచ్చి నడిపించిన వాళ్లలో దుర్గాబాయి ముఖ్యురాలు. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి కూడా నిండలేదు. మామూలు రోజుల్లో పార్టీ అంతర్గత ఎన్నికల ద్వారా ఆ స్థానానికి చేరాలంటే ఒక యువతికి ఎన్నేళ్లు పట్టేదో ఊహించుకోవచ్చు. ప్రభుత్వ అణచివేత వల్ల పార్టీ మెట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకి ఆడవాళ్లు నడిచి వచ్చారు.

ఇందులో ఒక బలహీనత కూడా ఉంది. పురుషులు విడుదలై రాగానే ఆ స్థానాలు మళ్లీ వాళ్లవే అయ్యేవి. నాయకత్వం అత్యవసర ఏర్పాటుగా వచ్చింది, హక్కుగా రాలేదు. ఈ తేడా 1952 దాకా వెంటాడింది.

జైలు నుంచి లా కాలేజీకి

1930, 1933 మధ్య దుర్గాబాయి మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు, మదురై జైళ్లలో ఉన్నారు. మదురైలో ఏకాంత ఖైదు ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. నరాల మీద పడిన ఆ ఒత్తిడి నుంచి కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. బయటికి వచ్చాక మళ్లీ సత్యాగ్రహంలోకి దిగలేదు. ఉద్యమం కూడా అప్పటికి చల్లబడుతోంది.

జైలు ఇంకో విధంగా ఆమె దారి మార్చింది. మామూలు నేరాల మీద శిక్ష పడిన ఆడఖైదీలతో ఆమె మాట్లాడారు. హత్య నేరం మీద యావజ్జీవం అనుభవిస్తున్న కొందరికి కోర్టులో ఏం జరిగిందో తెలియదు. తమ తరఫున ఎవరైనా మాట్లాడారో లేదో తెలియదు. ఎందుకు ఒప్పుకున్నారో కూడా చెప్పలేని పరిస్థితి. చట్టం చదవాలన్న ఆలోచన అక్కడ పుట్టిందని ఆమె చెప్పేవారు.

ఆలోచన పుట్టింది కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు. ఇంగ్లీషు వద్దని బడి మానేసిన మనిషి ఇరవై నాలుగేళ్ల వయసులో ఇంగ్లీషు మొదటినుంచి నేర్చుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటుగా మెట్రిక్ రాయనిస్తుందని తెలిసి అక్కడ పాసయ్యారు, ఇంటర్ చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఆనర్స్‌కు దరఖాస్తు పెడితే ఆడపిల్లలకు హాస్టల్ లేదని జవాబు వచ్చింది. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆమె తనలాంటి మరికొందరు అమ్మాయిలను పోగుచేసి, తామే హాస్టల్ నడుపుకుంటామని చెప్పి సీటు సంపాదించారు. ఆ తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి 1940ల మొదట్లో వకీలుగా పేరు నమోదు చేయించుకున్నారు.

1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ కూడా ఈ అనుభవంలోంచి వచ్చిందే. తనలా మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం దాని తొలి పనుల్లో ఒకటి. పెద్దయ్యాక మళ్లీ చదువుకోవడం ఎంత కష్టమో, అందులో ఏది దగ్గర దారో ఆమెకు స్వయంగా తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే నమూనా దేశమంతటికీ వెళ్లింది, ఆ సంగతి కింద వస్తుంది.

ఓటు దారిన వెళ్లినవాళ్లు

ఇదే మద్రాసులో, ఇదే కాలంలో ఇంకో దారిన వెళ్లిన మహిళలు ఉన్నారు. వాళ్లతో పోల్చితేనే దుర్గాబాయి దారి ప్రత్యేకత తెలుస్తుంది.

ఆడవాళ్లకు ఓటు హక్కు అడ్డంకి తీసేయడంలో బ్రిటిష్ ఇండియాలో మద్రాసు శాసనమండలి అందరికంటే ముందుంది, 1921లోనే ఆ పని చేసింది. అయితే ఓటుకు ఆస్తి అర్హత ఉండేది కాబట్టి ఆడ ఓటర్లు చాలా తక్కువ. పోటీ చేసే హక్కు రాగానే 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయ మంగళూరు వైపు నిలబడి స్వల్ప తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ప్రభుత్వ నామినేషన్ మీద మండలిలోకి వెళ్లి 1927లో ఉపాధ్యక్షురాలయ్యారు, 1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా రాజీనామా చేశారు. ఈ రెండు ఉదాహరణలూ ఒకే సంగతి చెబుతున్నాయి. నేరుగా ఓటరు దగ్గరికి వెళ్లిన మహిళ ఓడారు, నామినేట్ అయిన మహిళ పదవి చేపట్టారు.

1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్ర శాసనసభల్లో మహిళలకు కొన్ని స్థానాలు కేటాయించింది. మద్రాసుకు 8 వచ్చాయి. అఖిల భారత మహిళా సమితి ఈ కేటాయింపును వ్యతిరేకించింది. మాకు ప్రత్యేక స్థానాలు వద్దు, వయోజనులందరికీ ఓటు ఇవ్వండి అన్నది వాళ్ల పట్టు. అయినా 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ మహిళలు పోటీ చేశారు. ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి శాసనసభకు గెలిచి ఉపసభాపతి అయ్యారు. వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన ఆమె, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ చూశారు. మద్రాసు రాష్ట్రంలో తొలి మహిళా మంత్రి ఆమే.

రుక్మిణి, దుర్గాబాయి ఇద్దరూ తెలుగు రాజకీయాల్లోంచి వచ్చారు, ఇద్దరూ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1930ల నడుమ ఒకరు శాసనసభ వైపు, ఒకరు పరీక్ష హాలు వైపు తిరిగారు. రుక్మిణికి అప్పటికే చదువు, స్థిరపడిన కుటుంబం, మద్రాసు ప్రముఖుల పరిచయాలు ఉన్నాయి. దుర్గాబాయి ఆ పెట్టుబడిని మొదటినుంచి కూడబెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పదేళ్ల చదువు రాజ్యాంగ సభలో ఆమెకు బాగా పనికొచ్చింది. నియోజకవర్గం పెంచుకోవడానికి మాత్రం ఆ పదేళ్లు దక్కలేదు.

రాజ్యాంగ సభలో

1946లో రాజ్యాంగ సభకు ప్రజలు నేరుగా ఓటు వేయలేదు. రాష్ట్ర శాసనసభల సభ్యులు ఓటు వేశారు, సుమారు పది లక్షల జనాభాకు ఒకరు చొప్పున. కాంగ్రెస్‌కు బలమున్న రాష్ట్రాల్లో పార్టీ ఎవరి పేరు పెడితే వాళ్లు వెళ్లినట్టే. పార్టీ కూడా న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు, పరిపాలన తెలిసినవాళ్లు, మహిళలు, మైనారిటీలు ఉండాలని చూసింది. సభలో మొత్తం 15 మంది మహిళలు కూర్చున్నారు. మద్రాసు రాష్ట్రం నుంచే ముగ్గురు: అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్, దుర్గాబాయి.

సంఖ్య తక్కువే. విభజన తర్వాత మిగిలిన 299 మందిలో ఐదు శాతం. అయితే దుర్గాబాయి అలంకారంగా కూర్చోలేదు. స్టీరింగ్ కమిటీలో, నియమాల కమిటీలో పనిచేశారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమే. ముసాయిదా మీద ఆమె పెట్టిన సవరణలు వందల్లో ఉన్నాయి.

వాటిలో కొన్ని ఇప్పటికీ మన మీద పనిచేస్తున్నాయి. రాజ్యసభకు పోటీ చేయడానికి కనీస వయసు 35 అని మొదటి ఆలోచన. దాన్ని 30కి తగ్గించాలని ఆమె ప్రతిపాదించారు. వివేకానికి వయసుతో పని లేదన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. ఇరవై ఏళ్లకే ఉద్యమం నడిపిన మనిషి నోట ఆ మాట రావడం సహజం.

రెండోది దేవాలయ ప్రవేశం. మతస్వేచ్ఛ అధికరణంలో, ప్రజలందరికీ చెందిన హిందూ ధార్మిక సంస్థలను హిందువులలో 'ఏ వర్గానికైనా' తెరిచే చట్టం చేయవచ్చని ముసాయిదాలో ఉంది. దాన్ని 'అన్ని వర్గాలకు, తెగలకు' అని మార్చాలని 1948 డిసెంబరులో ఆమె సవరణ పెట్టారు. వినడానికి ఒకటి రెండు మాటల తేడా. కానీ మొదటి మాటను పట్టుకుని ఒక వర్గాన్ని రానిచ్చి ఇంకో వర్గాన్ని ఆపే వాదన చేయవచ్చు, రెండో మాటతో ఆ సందు మూసుకుపోతుంది. ఇప్పుడు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉన్నది రెండో మాటే.

మూడోది భాష. ఇక్కడ ఆమె పరిస్థితి ఇబ్బందికరం. చిన్నప్పుడే కాకినాడలో హిందీ బడి నడిపిన మనిషి. హిందీని దక్షిణాదికి ప్రేమతో తీసుకొచ్చినవాళ్లలో ఒకరు. 1949 సెప్టెంబరు చర్చలో ఆమె హిందీ, ఉర్దూ కలగలిసిన వాడుక భాష హిందుస్థానీ పక్షాన మాట్లాడారు. హిందీ అభిమానుల అతి ఉత్సాహం, సంస్కృతీకరణ పట్టుదల చూసి దక్షిణాదిలో హిందీ నేర్పినవాళ్లే నొచ్చుకుంటున్నారని చెప్పారు. ఇష్టంగా నేర్చుకున్నదాన్ని బలవంతంగా రుద్దితే ఏమవుతుందో ఆమె ముందే చూశారు. మద్రాసులో తర్వాత పదిహేనేళ్లకు చెలరేగిన హిందీ వ్యతిరేక ఆందోళన అందరికీ తెలిసిందే.

మహిళలకు స్థానాల కేటాయింపును రాజ్యాంగ సభలో మహిళా సభ్యులు ఎక్కువమంది కోరలేదు. 1947లో రేణుకా రే దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. సమర్థత ఉంటే సమాన హక్కులే చాలన్నది ఆ తరం నమ్మకం. పూర్ణిమా బెనర్జీ ఒక్కరు ఒక చిన్న మాట అన్నారు: సభలో మహిళలు ఖాళీచేసిన స్థానాలనైనా మహిళలతోనే నింపండి అని. దాన్ని పట్టించుకోలేదు. ఆ తరం ఎందుకు అలా నమ్మింది? తాము వచ్చిన దారి తర్వాతివాళ్లకు కూడా తెరిచే ఉంటుందనుకున్నారు. ఉద్యమం ఆగిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుందన్న లెక్క వాళ్లకు తట్టలేదు. ఆ ఆశను తప్పుపట్టడం కష్టం, కానీ లెక్క తప్పింది.

1952 ఓటమిని ఎలా అర్థం చేసుకోవాలి

మొదటి సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. ఆడమనిషి కాబట్టి ఓడించారని తేల్చేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది.

మొదట ఆంధ్ర ప్రాంతపు గాలి చూడాలి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. తెలుగు జిల్లాల్లో పరిస్థితి ఇంకా ఘోరం, మూడో వంతు స్థానాలు కూడా దక్కలేదు. ధాన్యం కొరత, రేషన్, బలవంతపు సేకరణ వల్ల రైతులూ పేదలూ ఇద్దరూ కోపంగా ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం ఇదిగో అదిగో అంటూ కాలం గడుపుతున్నారన్న అసంతృప్తి ఉంది. ప్రకాశం ఒకవైపు, ఎన్‌.జి. రంగా ఒకవైపు పార్టీ వదిలి వెళ్లారు. కృష్ణా, గోదావరి డెల్టాలో కమ్యూనిస్టులకు రైతు కూలీల్లో గట్టి పట్టుంది. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటివాడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ గాలిలో కాంగ్రెస్ గుర్తు మీద నిలబడిన మగ అభ్యర్థులే కొట్టుకుపోయారు.

అదే ఎన్నికల్లో రాజ్యాంగ సభ మహిళలు కొందరు గెలిచారు. దిండిగల్‌లో అమ్ము స్వామినాథన్, మండీలో రాజకుమారి అమృత్ కౌర్, లక్నోలో విజయలక్ష్మీ పండిట్. కాంగ్రెస్ వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ తరఫున సుచేతా కృపలానీ ఢిల్లీలో గెలిచారు. కాబట్టి ఆడవాళ్లకు ఓటు వేయరన్న సూత్రం నిలబడదు.

ఇక అసలు కారణం వ్యవస్థలో వచ్చిన మార్పు. 1923 నుంచి 1946 వరకు ఆమెను ఎంచినవాళ్లు ఆమె పని దగ్గరగా చూసినవాళ్లు: కాంగ్రెస్ నిర్వాహకులు, ఉద్యమ సహచరులు, పార్టీ పెద్దలు. 1952లో ఎంచేవాళ్లు లక్షలమంది ఓటర్లు. వాళ్లలో చాలామందికి ఢిల్లీలో ఆమె ఏ అధికరణం మీద ఏం మాట్లాడారో తెలిసే అవకాశం లేదు. ఓటరుకు తెలిసేది ఊళ్లో పెద్ద ఎవరి వైపు ఉన్నాడు, కులం ఎటు మొగ్గుతోంది, గత రెండేళ్లుగా గింజలకు ఎవరు అడ్డుపడ్డారు అన్నవి. దానికితోడు ఆమె పదిహేనేళ్లకు పైగా మద్రాసులో, ఢిల్లీలో ఉన్నారు. గోదావరి జిల్లాల్లో రోజువారీ కార్యకర్తల జాలం లేదు. పుట్టింటి ఆస్తి గానీ, అత్తింటి పలుకుబడి గానీ వెనక లేవు. అప్పట్లో గెలిచిన మహిళలు చాలామందికి ఈ రెండిటిలో ఒకటైనా ఉంది. ఎనిమిదేళ్ల వయసులో చేసిన పెళ్లిని కాదని బయటికి వచ్చిన ధైర్యానికి ఎన్నికల లెక్కలో ఇదొక ఖరీదు.

అధికారం ఉంది, ఓటరు లేరు

ఓటమి తర్వాత కొద్దికాలానికే నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. ప్రణాళికా సంఘానికి ఎన్నికతో పనిలేదు, మంత్రివర్గ తీర్మానం మీద ఏర్పడిన సంస్థ. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. అదే ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది, ఆమె తొలి అధ్యక్షురాలు.

ఆ మండలి పనితీరు గమనించదగ్గది. ప్రభుత్వ శాఖలాగా ఉద్యోగులతో పని చేయించడం కాదు. దేశమంతా ఉన్న స్వచ్ఛంద సంస్థలను వెతికి, పరిశీలించి, వాటికి గ్రాంట్లు ఇవ్వడం దాని పద్ధతి. రాష్ట్రాల్లో సలహా మండళ్లు పెట్టి వాటిని ఎక్కువగా అనధికార మహిళల చేతిలో పెట్టారు. గ్రామాల్లో బాలవాడీలు, ప్రసూతి సేవలు, కుట్టుపని శిక్షణ కలిపి సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు నడిపారు. 1958లో చదువు మధ్యలో ఆగిన పెద్ద వయసు ఆడవాళ్లకు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చోబెట్టే కోర్సులు మొదలుపెట్టారు. ఆంధ్ర మహిళా సభలో 1930లలో చేసిన పనే ఇది. స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు.

ఇందులో ఎంత రాజకీయం ఉందో ఆలోచించాలి. ప్రభుత్వ డబ్బు ఎవరికి, ఏ పద్ధతిలో వెళ్లాలో నిర్ణయించడం రాజకీయమే. ఎన్నికల్లో నిలబడే వీలు లేని వేలాది మహిళలకు ఈ మండళ్లు ప్రజాజీవితంలో ఒక స్థానం ఇచ్చాయి. అయితే దీనికి ఇంకో వైపు ఉంది. ఆడవాళ్లకు ఇవ్వదగిన రంగం సంక్షేమం అన్న అభిప్రాయం ఇక్కడి నుంచి బలపడింది. ఆర్థికం, హోం, నీటిపారుదల మగవాళ్లవి. స్త్రీ శిశు సంక్షేమం ఆడవాళ్లది. మన రాష్ట్ర మంత్రివర్గాల్లో శాఖల పంపకం చాలాకాలం ఇలాగే సాగింది. న్యాయవ్యవస్థ స్వతంత్రత మీద, హైకోర్టుల మీద, ప్రాథమిక హక్కుల అమలు మీద అంత లోతుగా మాట్లాడిన మనిషిని సంఘసేవకురాలు అన్న ఒక్క మాటలో ఇరికించడం వెనక ఉన్నది ఈ పంపకమే.

ఆమె న్యాయవాది బుద్ధి మాత్రం పోలేదు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, ఇక్కడా అలాంటివి కావాలని న్యాయమూర్తులతో, నెహ్రూతో చర్చించారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

ఇప్పటి చర్చకు దీనితో ఉన్న సంబంధం

2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇస్తామంది, కాకపోతే జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అన్న షరతులు పెట్టింది. రాజ్యాంగ సభలోని మహిళలే రిజర్వేషన్ వద్దన్నారని, కాబట్టి అది వాళ్ల స్ఫూర్తికి విరుద్ధమని అప్పుడప్పుడు ఒక వాదన వినిపిస్తుంది. ఆ మాట వాళ్లు అన్నది నిజం. కానీ వాళ్లు అలా అన్నది పార్టీ సంస్థ ఆడవాళ్లను పైకి తెస్తున్న కాలంలో. రాజ్యాంగ సభలో ఐదు శాతం ఉన్న మహిళలు మొదటి లోక్‌సభలోనూ అంతకు దగ్గర్లోనే ఉన్నారు, ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా ఆ శాతం రెండంకెలకు చేరడానికి చాలా ఆలస్యమైంది. పాత దారి మూతపడ్డాక కొత్త దారి దానంతటది తెరుచుకోలేదన్నది ఈ లెక్క చెబుతున్న విషయం.

రిజర్వేషన్ వస్తే ఏది మారుతుంది, ఏది మారదు? నియోజకవర్గం దొరకడం అన్న అడ్డంకి తొలగుతుంది. టికెట్ ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం పార్టీ అధిష్ఠానం చేతిలోనే ఉంటుంది. కుటుంబ బలం, డబ్బు లేని మహిళను పార్టీ ఎంచుతుందా అన్నది చట్టం తేల్చే విషయం కాదు. దుర్గాబాయిని పైకి తెచ్చిన మొదటి మెట్టు వాలంటీరు పని. ఇప్పుడు ఆ మెట్టుకు దగ్గరగా కనిపించేది స్థానిక సంస్థలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ స్థానాల్లో సగం మహిళలవి. సర్పంచులుగా, ఎంపీటీసీలుగా వేలమంది పనిచేస్తున్నారు, స్వయం సహాయక సంఘాల్లో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లలో భర్త సంతకంతో కాకుండా స్వయంగా గ్రామసభ నడిపి, నిధుల లెక్క అడిగి, అధికారితో తలపడినవాళ్లు తక్కువేమీ కాదు. అయినా అక్కడి నుంచి శాసనసభ టికెట్ దాకా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. రిజర్వేషన్ మారగానే వాళ్ల స్థానం పోతుంది, ఆ తర్వాత పార్టీ వాళ్లను ఎక్కడికీ పిలవదు. 1930లలో మగవాళ్లు విడుదలై రాగానే డిక్టేటర్ పదవి చేయిదాటిపోయిన పరిస్థితికీ దీనికీ పెద్ద తేడా లేదు.